పలావు నూనె పట్టించిన కారు

సమర్కంద్‌లో సియాబ్ కాలువ అవతలి పేటలో ఏ ఇంట పెళ్ళి కుదిరినా, చుట్టాలకంటే ముందు సుయూన్‌కి కబురు వెళ్ళేది. ఎక్కువ చేసి చెబుతున్నాననుకుంటే ఆ పేటవాళ్ళనే అడగండి. తేదీ పెట్టేది ఇమామూ కాదు, పెద్దలూ కాదు. ఆ రోజు సుయూన్ ఖాళీగా ఉన్నాడా లేడా అన్నదే అసలు ప్రశ్న. ముప్పై ఏళ్ళు అలాగే నడిచింది. తెల్లవారు నమాజు ముగించుకుని మగవాళ్ళు వరసగా వచ్చి కూర్చునేసరికి, పిల్లవాడు దిగి ఈత కొట్టగలిగినంత ఇనప కళాయిలో పలావు పొరలు పొరలుగా సిద్ధంగా ఉండేది. అడుగున మాంసం, మీద పచ్చటి క్యారెట్టు, ఆపైన బియ్యం. కలపకూడదు. కలిపి వడ్డించేవాళ్ళని సుయూన్ "తాష్కెంటోళ్ళు" అనేవాడు. అతని నోట అదే పెద్ద తిట్టు.

అలాంటివాడికి ఒక పెళ్ళిలో, పైపొర అన్నం మాత్రం తిరగేస్తుండగా, కుడి భుజంలో ఏదో పుటుక్కుమంది. గరిటె కళాయిలో పడిపోయింది. డాక్టరమ్మ నొక్కి చూసి, ఇకమీదట టీ గిన్నె కంటే బరువైంది ఎత్తొద్దంది. అప్పటికి అతనికి యాభై ఆరేళ్ళు.

ఆరు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. కూర్చుని ఊరుకుంటే బాగానే ఉండేది. భార్య మొహిగుల్ ఉల్లిపాయ తరిగితే పక్కన నిలబడి "ఇంకాస్త సన్నంగా" అనేవాడు. ఆవిడ అన్నం వార్చితే మూత తీసి చూసేవాడు. ఏడో నెల మొదటి రోజున ఆవిడ కత్తి కింద పెట్టి, తమ్ముడికి ఫోన్ చేసి, "మీ బావని తీసుకుపో. లేకపోతే ఈ ఇంట్లో ఎవరో ఒకరం మిగలం" అంది.

తమ్ముడు కుద్రత్‌కి కార్లు కడిగే దుకాణం ఉంది. ఊరి బయట ప్రతి ఆదివారం జరిగే కార్ల సంతకు వెళ్ళే దారిలో, సరిగ్గా మలుపు దగ్గర. మనిషి మంచివాడే కానీ నోరు ఊరుకోదు. మొదటి రోజే బావ చేతికి గుడ్డ ఇచ్చి, "బావా, ఇక్కడ ఉప్పు చూడక్కర్లేదు, తుడిస్తే చాలు" అన్నాడు. సుయూన్ ఎడమచేత్తో గుడ్డ అందుకుని తుడిచాడు.

ఆ దుకాణంలో అసలు బేరమంతా శనివారమే. మర్నాడు సంతలో అమ్మబోయే కార్లన్నీ ఆ రోజే వస్తాయి. రంగు ఎంత మెరిసినా మా ఎండకి కారులో మొదట ముసలిదయ్యేది నల్ల ప్లాస్టిక్కే. బంపర్లు, తలుపుల పక్క పట్టీలు, చక్రాల పైని అంచులు, అద్దాల వెనక డొప్పలు అన్నీ నాలుగు వేసవులకి తెల్లబోతాయి. సంతలో కొనేవాడు ఇంజను సంగతి తెలిసినట్టు తల ఊపుతాడు కానీ చూసేది ఆ నలుపునే. అందుకని కుద్రత్ ఒక డబ్బాలో పత్తిగింజల నూనె, పొయ్యి గొట్టం నుంచి గీకిన మసి కలిపి ఉంచేవాడు. అది రాస్తే పదేళ్ళ కారు పెళ్ళికొడుకులా తయారయ్యేది. ఎంతసేపు? తొలి వాన దాకా. వాన ఎప్పుడు పడితే అప్పటికి కారు ఎవరిదో అయిపోయి ఉంటుంది. దీన్ని మోసమని ఆ సంతలో ఎవరూ అనరు, అందరూ చేస్తారు కనక. సుయూన్‌కి మాత్రం ఆ డబ్బా ముట్టుకున్నప్పుడల్లా, పాసిపోయిన మాంసానికి మసాలా దట్టిస్తున్నట్టు ఉండేది. అయినా రాశాడు. వేరే పని చేతకాదనుకున్నాడు, అదే అతని తప్పు.

అలా మూడేళ్ళు దాటాక, సెప్టెంబరులో ఒక మంగళవారం నాడు ఒకావిడ చిన్న తెల్లకారు తెచ్చి దుకాణం నట్టనడుమ ఆపింది. ముప్పై ఏళ్ళు దాటి ఉంటాయి. పేరు నిగినా. తలకి కట్టుకున్న గుడ్డ కోపానికి జారిపోయి మెడమీద పడి ఉంది.

"ఇక్కడ నూనె రాసేదెవరు?"

గొడవ వాసన పట్టడంలో కుద్రత్‌ని మించినవాడు లేడు. వెంటనే బావ వైపు చూపించి, తను నీళ్ళ గొట్టం సర్దుకోవడానికి వెళ్ళిపోయాడు.

"మీరేనా బాబాయ్ ఆ పుణ్యం కట్టుకున్నది? కారుకి రాశారా, వడలు వేద్దామని రాశారా? ఇదిగో చూడండి!"

సుయూన్ చూశాడు. కారు తన చేతిమీదుగా వెళ్ళిందే, పది రోజులైంది. పట్టీల మీద దుమ్ము పేరుకుని పిండిలో దొర్లించిన చేపముక్కల్లా ఉన్నాయి. దుమ్ము లేనిచోట మసి, మసి లేనిచోట తెల్ల మచ్చలు.

"తల్లీ, కడిగిస్తాను. నిమిషంలో..."

"కడగడానికి రాలేదు నేను. నా బతుకు మీద గీత గీశారు మీరు. వినండి."

అతను విన్నాడు. ఆవిడ కుట్టుమిల్లులో తొమ్మిదేళ్ళు పనిచేసింది. భర్త విడిచిపెట్టి వెళ్ళాడు. నాలుగేళ్ళ కూతురు సోజిదాని పొరుగింటి ముసలమ్మ చూసుకుంటుంది. చూసుకోవడమంటే టీవీ ముందు కూర్చోబెట్టడం. అటు రైల్వే స్టేషను దగ్గర ఫరోగత్ అనే పెద్ద టీచరమ్మ నడిపే బాలబడికి, పిల్లల్ని ఇళ్ళ నుంచి తెచ్చి దింపడానికి సొంత కారున్న ఆడమనిషి కావలసి వచ్చింది. జీతం ఎలా ఉన్నా, తన పిల్లని కూడా ఆ బడిలోనే ఉంచుకోవచ్చు. పొద్దున్న ఎక్కించుకుని వెళ్ళి, సాయంత్రం ఎక్కించుకుని రావచ్చు. ఆ ఒక్క మాట కోసం నిగినా ఉన్నదంతా ఊడ్చి ఆదివారం సంతలో ఈ కారు కొంది, మిల్లు మానేసింది. నిన్న కారు చూపించడానికి వెళ్ళింది. టీచరమ్మ నల్లటి పట్టీలతో నిగనిగలాడే కారు చూసి సంతోషించింది కూడా. ఇంతలో తెల్ల కోటు వేసుకున్న పిల్లవాడొకడు వచ్చి తలుపుకి ఆనుకున్నాడు. వాడు తిరిగేసరికి వీపు మీద అడ్డంగా జానెడు మసి గీత.

"ఆవిడేమందో తెలుసా? 'మళ్ళీ సోమవారం తీసుకురా. నా చేతిరుమాలుతో తుడిచి చూస్తాను. మసి అంటకూడదు. అలాగని ముసలి గాడిదలాంటి తెల్లబోయిన కారులో పిల్లల్ని పంపితే తల్లిదండ్రులు ఊరుకోరు' అంది. నలుపు ఉండాలి, అంటకూడదు. బజారులో సీసా మందు కూడా కొన్నాను. దాని మీద జర్మనీ అని రాసుంది. ఉన్న మసి తుడిచి రాస్తే అదీ జిడ్డే, తెల్లారేసరికి ఇలా దుమ్ము పట్టింది. ఇప్పుడు చెప్పండి, నేనెక్కడికి పోను?"

అప్పటికి ఆవిడ గొంతు కోపంలోంచి ఏడుపులోకి జారింది. సుయూన్ తల ఎత్తలేకపోయాడు. ముప్పై ఏళ్ళలో అతని చేతి తిండి తిని, కడుపు నొప్పంటూ ఒక్కరు తిరిగి రాలేదు. ఇవాళ వచ్చారు.

"ఆ మసి పూసింది నా చెయ్యే తల్లీ. సోమవారానికి ఇంకా ఆరు రోజులుంది. కారు ఇక్కడ వదిలి వెళ్ళు."

"మళ్ళీ నూనె రాస్తారా?"

"రాయను."

అబద్ధం చెబుదామని చెప్పలేదు పాపం. ఆ క్షణాన అతను నిజంగానే అలా అనుకున్నాడు.

ఆ సాయంత్రం బట్టల సబ్బు, సోడా, వేడినీళ్ళతో పత్తి నూనె అంతా వదలగొట్టాడు. లోపలి ప్లాస్టిక్ బయటపడింది. అచ్చం బూడిద గుమ్మడికాయ. వేలు రాస్తే వేలికి తెల్లటి పొడి అంటుతోంది. ఎండకి పైపొర చచ్చి పొడిపొడిగా రాలుతోందన్నమాట. రంగు కొట్టేద్దామన్నాడు కుద్రత్. పిల్లలు గోళ్ళతో గీకి రెండు రోజుల్లో ఊడదీస్తారన్నాడు సుయూన్.

బుధవారం మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళితే, మొహిగుల్ పెరట్లో పెద్ద కళాయి బోర్లించి దాని వెలుపలి అంచు కత్తితో గీకుతోంది. పక్కవీధివాళ్ళు ఏదో వేడుకకి అడిగారట. కళాయి ఇప్పుడు ఊళ్ళోకి అరువు వెళుతోంది, దాని యజమాని కార్లు తుడుస్తున్నాడు.

"పిల్లల నాన్నా, పత్తి నూనెతో వండినోళ్ళ కళాయి ఒక్క తోముడికి వదులుద్ది. నీ అవిసె నూనె మరకలు మాత్రం నాతోపాటు గోరీలోకే వస్తాయి. చూడు, కత్తి మొన అరిగిపోయింది!"

మా సమర్కంద్‌లో పెద్ద వంటంతా అవిసె నూనెతోనే. లేకపోతే అది పలావే కాదు. సుయూన్ రొట్టె ముక్క నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయాడు. వంగి కళాయి అంచు చూశాడు. పొంగి చిందిన నూనె, తేనెరంగులో, అద్దంలా గట్టిపడి ఉంది. గోటితో గీకాడు. రాలేదు. చొక్కా అంచు తడిపి రుద్దాడు. చొక్కా తెల్లగానే ఉంది. చివరికి నాలుక పెట్టి చూశాడు.

"అయ్యో అయ్యో, కళాయి నాకుతున్నావేంటయ్యా! అన్నం వడ్డించానుగా!"

"మొహిగుల్, ఇది జిడ్డు కాదే. ఆరిపోయింది. నూనె ఆరిపోయింది!"

"ఎవరి నూనె?"

"నా నూనె!"

భోజనం అలాగే వదిలేసి గానుగవాడి దగ్గర తెచ్చుకున్న అవిసె నూనె జాడీ బయటికి తీశాడు. చిన్న మూకుడు పొయ్యి మీద పెట్టాడు. నాలుగేళ్ళ తరవాత మళ్ళీ పొయ్యి ముందు నిలబడ్డాడు కదా, ఒళ్ళు మరిచిపోయాడు. నీలం పొగ వచ్చేదాకా నూనె కాచాడు. చేదు విరగాలని ఎముక ముక్క వేశాడు, ఉల్లిపాయ వేసి నల్లగా మాడ్చి తీసేశాడు. గోడ అవతల నుంచి ఎవరో "ఎవరింట్లో పెళ్ళి?" అని కేకేశారు. చల్లారాక దుకాణానికి తీసుకెళ్ళి, ముందు బావమరిది కారు బంపరుకే పట్టించాడు. ఎలా పట్టించాడంటారా? అయిదొందల మందికి వండిన చెయ్యి ఎలా పట్టిస్తుందో అలా. ధారాళంగా.

గురువారం పొద్దున్న కుద్రత్ కేకలు రోడ్డు అవతలికి వినిపించాయి.

"బావా! ఇది కారా, కబాబా? రెండు కుక్కలు నాకుతున్నాయి, కందిరీగలు ముసిరాయి. ముక్కలు కోసి ఉల్లిపాయ చల్లడమే తరవాయి!"

బంపరు లేత పాకంలా సాగుతోంది. కాస్త పల్చగా పడి ఆరిన చోట, నలుపు మీద తెల్లటి చుక్కలు. సుయూన్ ఒక చుక్కని వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాడు. ముఖం మాడిపోయింది.

అప్పుడే తమ్ముడికి రొట్టెలు ఇవ్వడానికి వచ్చిన మొహిగుల్ అదంతా చూసింది. "ఉప్పెందుకు వేశావు?" అంది.

"నేను వేయలేదే."

"నువ్వు వేయలేదు. నీ చెయ్యి వేసింది. నూనె కాగితే చిటికెడు ఉప్పు వేయడం దానికి అలవాటు, నిన్ను అడిగి వేస్తుందా?"

కుద్రత్ పడీ పడీ నవ్వాడు. కారు తనదేనని గుర్తొచ్చి ఆపేశాడు.

సుయూన్‌కి నవ్వు రాలేదు. నీళ్ళ గొట్టం పక్కన బల్ల మీద కూర్చుని ఆలోచించాడు. ఉప్పు సంగతి సరే, మానేయొచ్చు. ఈ జిగురు సంగతేమిటి? కళాయి అంచున మరక ఎలా పడింది? ఎవరూ పోయలేదు. చిందింది. ఆవిరంత పల్చగా పడింది, వేడికి ఆరింది, దాని మీద ఇంకో పెళ్ళిలో ఇంకో చినుకు పడింది. అంటే ఈ పనికి కావలసింది ధారాళం కాదు, పిసినారితనం. ఇన్నేళ్ళ తన పేరంతా ధారాళం మీద నిలబడ్డది. నూనెకి వెనకాడితే వంటవాడే కాదని పదిమంది ముందు అన్నవాడు.

లేచి, ఉప్పు లేకుండా, ఉల్లిపాయ లేకుండా, ఎముక లేకుండా మళ్ళీ నూనె కాచాడు. బావమరిది బంపరు కడిగి, ఒక మూల మాత్రం తీసుకున్నాడు. కుడిచెయ్యి భుజం దాకా లేవదు. ఎడమచేతికి ఏ పెళ్ళి వంటా తెలియదు, ధారాళమన్న మాటే అది వినలేదు. ఆ చేతి వేళ్ళకి పాత బనీను గుడ్డ చుట్టి, నూనెలో ఇట్టే ముంచి, రాశాడు. ఒక గిన్నె టీ తాగేంతసేపు ఆగి, పొడిగుడ్డ తీసుకుని రాసిందంతా తుడవడం మొదలుపెట్టాడు.

"అదేంటి బావా, రాసి తుడిచేస్తున్నావు?"

"నాకు మాత్రం బాగుందనుకున్నావా? ప్రాణం పోతోంది."

ఇక చాలనిపించేదాకా కాదు, ఇంకేమీ మిగల్లేదనిపించేదాకా తుడిచాడు. ఆ గుడ్డల్ని కుద్రత్ ఉండచుట్టి మూల పారేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. అవిసె నూనె గుడ్డలు ఉండగా పడి ఉంటే వాటంతటవే వేడెక్కి రాజుకుంటాయి. వంట పాక ఒకటి అలా కాలిపోవడం అతను కళ్ళారా చూశాడు. గుడ్డలన్నీ విడివిడిగా తీగ మీద ఆరేశాడు. దుకాణం ముందు జెండాలు కట్టినట్టయింది.

శుక్రవారం పొద్దున్నే వెళ్ళి ఆ మూల మీద వేలు పెట్టాడు. పొడిగా ఉంది. నల్లగా ఉంది. మసి నలుపు కాదు, కొత్త చెప్పు నలుపు. సబ్బు రాశాడు, నీళ్ళు కొట్టాడు, తెల్లగుడ్డతో గట్టిగా రుద్దాడు. గుడ్డకి ఏమీ అంటలేదు. అతను కాసేపు అక్కడే నిలబడిపోయాడు, పక్కన హారన్ కొడుతున్నా కదల్లేదు.

ఆ మధ్యాహ్నమే నిగినా కారుకి మొదటి పూత వేశాడు. శనివారం పొద్దున్న సంత బేరగాళ్ళు వరస కట్టారు. సుయూన్ మసి డబ్బా ముట్టుకోనన్నాడు.

"కడుగుతాను, తుడుస్తాను. మసి పూయను."

"బావా, వారమంతా నీళ్ళు పట్టేది ఈ ఒక్కరోజు కోసమే. నీ నీతి నా కొంప ముంచుతుంది."

"నీ కొంప మునిగితే మా ఇంటికి వచ్చెయ్. మీ అక్క వండుతుంది, నేను పక్కన నిలబడి చెబుతాను."

కుద్రత్ గొణుక్కుంటూ డబ్బా తనే పట్టుకున్నాడు. మూడు కార్లకి రాశాడు, నాలుగో దానికి చెయ్యి ఎందుకో విసుగెత్తి కడిగి పంపేశాడు.

మధ్యాహ్నం సుయూన్ ముందు బంపరుకి, కుడిపక్క పట్టీలకి రెండో పూత వేసి తుడవగానే గాలి లేచింది. పొలాల మీదుగా వచ్చే ఎర్రటి దుమ్ముగాలి. అతను ఇంటికి పరుగెత్తి, పెళ్ళిళ్ళలో నేల మీద పరిచే పొడుగాటి భోజనం దుప్పట్లు తెచ్చి, నూనెకి తగలకుండా కర్రల మీద పందిరిలా కారు చుట్టూ కట్టాడు. అప్పుడే నిగినా కూతుర్ని చంకన వేసుకుని చూడటానికి వచ్చింది.

"ఏంటి బాబాయ్, నా కారుకి పెళ్ళా?" అంటూ దుప్పటి ఎత్తింది. ముక్కు ఎగబీల్చింది. ముఖం మారిపోయింది. "నూనె! రాయనన్నారుగా మీరు!"

"ఇది వేరే నూనె తల్లీ. నిన్న వేసింది ముట్టుకుని చూడు."

ఆవిడ ఎడమపక్క వెనక తలుపు పట్టీ ముట్టుకుంది. పొడిగా ఉంది. తరవాత ముందు బంపరు మీద వేలు పెట్టింది. వేలు కాస్త అతుక్కుని, చిన్న చప్పుడుతో ఊడింది.

సోజిదా కూడా ముక్కు ఎగబీల్చి "అమ్మా, పలావు" అంది.

"రేపు ఎండ ఉంటుంది. ఎండే దీనికి పొయ్యి" అన్నాడు సుయూన్.

"ఎండ లేకపోతే?"

అతను దుప్పటి అంచు మళ్ళీ కిందికి లాగి కట్టాడు. నిగినా పిల్లని దింపి, బల్ల మీద కూలబడింది. "బాబాయ్, నేను మిల్లులో ఉండగా ఇది పొరుగింటి ముసలావిణ్ణి అమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. నన్ను 'వచ్చే అమ్మ' అంటుంది. సాయంత్రం వచ్చే అమ్మ. ఈ పని పోతే నేను మళ్ళీ వచ్చే అమ్మనే" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే సుయూన్‌కి అంత బాధ ఉండేది కాదు.

ఆదివారం పొద్దున్న లేచేసరికి మబ్బు. సుయూన్ దుకాణానికి వెళ్ళి దుప్పట్లు విప్పి, ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నాడు. పది గంటలకి మబ్బు చీలి, ఆవరణలో తూర్పు మూల ఒక మంచం పట్టేంత ఎండ పడింది. అతను లేచి కారుకి భుజం ఆనించబోయాడు.

"ఆగు ఆగు! ఆ ఒక్క భుజం కూడా పోగొట్టుకుంటావా?" అంటూ కుద్రత్ వచ్చి తోశాడు. బంపరు ఎండలోకి వచ్చింది. అరగంటకి ఎండ జరిగింది, కారూ జరిగింది. తరవాత కుడిపక్క పట్టీలకి ఎండ చూపించాలి కనక కారుని తిప్పారు. ఆ రోజంతా అదే పని. ఎండ ఎక్కడుంటే కారు అక్కడ. సుయూన్ "ఇంకాస్త ఇటు, చాలు, ఇప్పుడు వెనక" అని చెప్పడం, కుద్రత్ చెమటలు కక్కుతూ తోయడం. సంతకి వెళ్ళేవాళ్ళు ఆగి, స్టార్ట్ అవ్వదా అని అడిగారు. "అవుద్ది, మా బావ దాన్ని వేయిస్తున్నాడు" అన్నాడు కుద్రత్. సాయంత్రానికి సుయూన్ తన తెల్ల టోపీ తీసి బంపరు ఈ కొస నుంచి ఆ కొస దాకా రుద్ది చూసుకుని, మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాడు. టోపీ తెల్లగానే ఉంది. బావమరిది మొదటిసారిగా ఏ హాస్యమూ ఆడకుండా టీ పోసి ఇచ్చాడు.

సోమవారం నిగినా తోడు రమ్మంది. అతను వెనక సీట్లో సోజిదా పక్కన కూర్చుని వెళ్ళాడు. ఫరోగత్ టీచరమ్మ గేటు బయటే నిలబడి ఉంది. లావుపాటి మనిషి, కళ్ళజోడు, ఇస్త్రీ మడత నలగని చేతిరుమాలు.

"ఈయనెవరు?"

"మా బాబాయండీ. కారు బాగుచేసింది ఈయనే" అంది నిగినా.

టీచరమ్మ మరో మాట లేకుండా మొదలుపెట్టింది. ముందు బంపరు, పట్టీలు, అద్దాల వెనకలు, చక్రాల అంచులు, తలుపు పిడులు. పిడి సందులో కూడా వేలు పెట్టి తిప్పింది. ఒక్కోదానికీ రుమాలు తిరగేసి చూసుకుంది. అప్పటికీ నమ్మకం కుదరక లోపలికి కేకేసింది. కిందటి వారం మసి అంటిన పిల్లవాడు, ఉతికిన అదే తెల్ల కోటులో వచ్చాడు. "ఆనుకో" అంది. వాడు భయపడుతూ ఆనుకున్నాడు. "రుద్దు." వాడికి సరదా పుట్టింది. గేదె గోడకి రుద్దుకున్నట్టు ఎడాపెడా రుద్దాడు.

వాణ్ణి వెనక్కి తిప్పింది. నిగినా కళ్ళు మూసుకుంది.

కోటు తెల్లగా ఉంది.

"ఏం రాశారు దీనికి?" అంది టీచరమ్మ, ముక్కు దగ్గరికి రుమాలు తెచ్చుకుని.

"అవిసె నూనె అండి. పలావుది."

ఆవిడ కళ్ళజోడు తీసి అతన్ని పరకాయించి చూసింది. "మీరు సుయూన్ కదూ? మా తమ్ముడి పెళ్ళిలో వండారు."

"అవునండి."

"మూడు సార్లు వడ్డించుకున్నాను" అని, నిగినా వైపు తిరిగి, "రేపు ఏడున్నరకి. ఆలస్యమైతే ఊరుకోను. పిల్ల సామాను ఇవాళే తెచ్చెయ్" అంది. నిగినా సోజిదాని ఎత్తుకుని ఊపిరాడనంతగా నొక్కేసింది. పిల్ల గింజుకుంది.

ఆ తరవాత దుకాణంలో మసి డబ్బా పోయింది. కుద్రత్ తనే పారేశాడు, పైగా అది మొదటి నుంచీ తన ఆలోచనే అని చెప్పుకుంటాడు. ఇప్పుడు అమ్మేవాళ్ళ కంటే కొన్నవాళ్ళే ఎక్కువ వస్తున్నారు. మూడు రోజులు కారు వదిలి వెళ్ళాలి, ఎండ లేకపోతే నాలుగు. సుయూన్ ఎడమచేత్తో రాస్తాడు, ఎడమచేత్తోనే తుడుస్తాడు. తీగ మీద గుడ్డలు ఎప్పుడూ ఎగురుతూనే ఉంటాయి.

చలికాలమంతా నిగినా ఆ దారిన రాలేదు. మంచు పడింది, కరిగింది, రోడ్లన్నీ బురదయ్యాయి. వసంతంలో వచ్చే నౌరోజు పండక్కి నాలుగు రోజుల ముందు వచ్చింది. కారు నిండా పిల్లలు, ముందు సీట్లో సోజిదా. "బాబాయ్, బురద కడగాలి. తొందరగా, పిల్లలు గోల చేస్తున్నారు" అంది.

సుయూన్ నీళ్ళు కొట్టాడు. బురద జారింది. దాని కింద నుంచి బంపరు, పట్టీలు, అంచులు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. నల్లగా, ఆ రోజు ఎండలో ఎలా వదిలాడో అలాగే ఉన్నాయి. అతని చేతిలో గొట్టం అలాగే ఉండిపోయింది. నీళ్ళు చెప్పుల మీద పడుతున్నాయి.

నిగినా అద్దం దించి తల బయట పెట్టింది. "ఏమైంది బాబాయ్? ఏమైనా పాడైందా?"

అతను మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏం పాడవలేదమ్మా. ముప్పై ఏళ్ళు ఈ చేతుల్తో వండాను, వండింది ఆ పూటకే అయిపోయేది. చేసింది మర్నాడు కంటితో చూడటం ఇదే మొదలు."